రోజిన్ పూయని కమాను

చనిపోయిన రోజు మధ్యాహ్నం మా బావ కమాను మర వదులు చేశాడు. ఫిడేలు వాయించేవాళ్లెవరైనా చేసే పనే. వాయించే ముందు కమాను చివరి మర తిప్పి వెంట్రుకలు బిగిస్తారు, అయ్యాక వదులు చేసి పెట్టెలో పెడతారు. ముప్పై ఒక్క ఏళ్లు రోజుకు రెండు మూడుసార్లు చేసిన పని అది. మర వదులు చేశాడు, పాత బనీను గుడ్డతో తీగలు తుడిచాడు, పెట్టె మూశాడు, వంటింట్లో ఉన్న అక్కతో "కాస్త టీ పెడతావా" అన్నాడు. అక్క గ్లాసు పట్టుకొచ్చేసరికి కుర్చీలో తల ఒక పక్కకు వాల్చి ఉన్నాడు. కునుకు పట్టిందనుకుని గ్లాసు మీద మూత పెట్టి, పక్కనే కూర్చుని బఠాణీలు ఒలిచింది. అరగంట ఒలిచిందట.

తీగలు తుడిచాడన్నాను గానీ, ఆ రోజు తుడవడానికి వాటి మీద ఏమీ లేదు. ఆ సంగతి ఇంట్లో నాకొక్కడికే తెలుసు.

కమానుకు కట్టేవి గుర్రపు తోక వెంట్రుకలు. వాటంతట వాటికి పట్టుండదు. రోజిన్ అని తేనెరంగు బంకబిళ్ల ఒకటుంటుంది, అగ్గిపెట్టెంత. దాన్ని రుద్దితే వెంట్రుకలు తీగను పట్టుకుంటాయి, తీగ మోగుతుంది, తెల్లటి పొడి రాలి తీగల కింద పేరుకుంటుంది. తుడిచేది ఆ పొడినే. రుద్దని కమాను తీగ మీద జారిపోతుంది, తడిసిన అద్దం మీద వేలు జారినట్టు. చూసేవాళ్లకు వాయిస్తున్నట్టే ఉంటుంది. చప్పుడు మాత్రం రాదు. బావ చివరి ఏడు నెలలూ వాయించింది అలాంటి కమానుతో.

ఆయన మా ఊరి ఆర్కెస్ట్రాలో రెండో వయొలిన్. అంటే ముందు వరసల్లో రాగాన్ని మోసే మొదటి వయొలిన్ల కింద, దానికి నేలలాగా వాయించేవాళ్లలో ఒకడు. వాళ్లు పద్నాలుగు మంది. కాగితాలు పెట్టుకోవడానికి ఇద్దరికి ఒక రేకు స్టాండు చొప్పున ఏడు స్టాండ్లు. బావది ఏడో స్టాండు, లోపలివైపు కుర్చీ. లోపలి కుర్చీవాడే కాగితం తిప్పాలి. పక్కావిడ వాయిస్తూనే ఉంటుంది, ఈయన రెండు స్వరాలు వదులుకుని పేజీ తిప్పి మళ్లీ అందుకుంటాడు. "నా జీవితంలో నేను వాయించని స్వరాలన్నీ పేజీ చివరవే" అనేవాడు.

ఆయన వెనకాలే హాలు పక్కతలుపు. అందుకని ఆర్కెస్ట్రాలో ఆయన్ని 'తలుపు' అనేవారు. "తలుపొచ్చిందా? ఇక మొదలుపెడదామా?" అని ముందు నిలబడి అందరినీ నడిపించే డైరెక్టరు కూడా అనేవాడు. బావ ఉడుక్కునేవాడు కాదు. "మంటలంటుకుంటే ముందు బతికేది నేనే. ముందు వరసవాళ్లకు చప్పట్లు, నాకు ప్రాణం" అనేవాడు.

అక్క మాత్రం ఊరుకునేది కాదు. కచేరీ నుంచి వచ్చి భోజనానికి కూర్చోగానే మొదలు.

"పద్నాలుగు మందిలో పద్నాలుగోవారు. మీరు ఒకరోజు మానేస్తే ఎవరికి తెలుస్తుందండీ?"

"ఉప్పు ఎక్కడుందో చూపించు ముద్దలో."

"ఏం ఉప్పు?"

"నేనే. ఉన్నంతసేపూ కనపడను. లేకపోతే మొదటి ముద్దకే తెలుస్తుంది."

ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. నేను కుర్రతనంలో ఆ ఇంట్లోనే ఉండి చదువుకున్నాను, తరవాత రెండు వీధుల అవతల కాపురం పెట్టాను. ఉప్పు మాట రాగానే అక్క తల కొట్టుకునేది. ఆయన మాత్రం వేళాకోళంగా అనేవాడు కాదు. నిజంగానే నమ్మేవాడు. తనను తాను ఇంకేరకంగానూ గొప్పవాడనుకోలేదు.

ఆయన పోవడానికి ఏడెనిమిది నెలల ముందు ఒక రికార్డింగు కంపెనీ వచ్చింది. వయొలిన్ కాన్సెర్టో ఒకటి, అంటే ఒక్క వయొలిన్ ముందు నిలబడి వాయిస్తుంటే ఆర్కెస్ట్రా మొత్తం వెనక ఉండే రచన, కొత్తగా రికార్డు చేస్తారట. సోలో వాయించేది బయటి నుంచి వచ్చే అమ్మాయి, పాతికేళ్లు దాటి ఉండవు. మా ఊరి ఆర్కెస్ట్రా అంతవరకూ ఒక్క డిస్కు మీదా లేదు. వాయించింది వాయించినట్టే గాలిలో కలిసిపోయేది. ఇప్పుడు డిస్కుతో ఇచ్చే చిన్న పుస్తకంలో వాయించినవాళ్లందరి పేర్లూ వేస్తారని చెప్పారు. బావ ఆ రోజు నడుచుకుంటూ మా ఇంటికొచ్చాడు, బస్సులో ఆగలేక.

"అందరివీనా?" అన్నాను.

"అందరివీ. అక్షరక్రమంలో కాదు, కూర్చున్న వరసలో."

"అయితే నీది చివర."

"చివరేరా. అయితే ఏం, చదివేవాడికి ఆఖర్న గుర్తుండేది నేనే."

ఆ సంతోషం పూర్తిగా నోట్లోంచి బయటికి రాకముందే నేను ఆయన చెయ్యి చూశాను. మా ఆవిడిచ్చిన కప్పు సాసర్లో టకటకమంటోంది. ఆయన కప్పు కింద పెట్టేసి చెయ్యి తొడ కింద పెట్టుకున్నాడు, చలికి పెట్టుకున్నట్టు. చలికాలం కాదు.

తిరిగి ఇంటికి దింపుతుంటే కారులో చెప్పాడు. కుడిచెయ్యి. ఆరునెలలైంది. డాక్టరు చూశాడు, మాత్రలిచ్చాడు, తగ్గేది కాదు గానీ పెరగడం ఆలస్యం కావచ్చన్నాడు. గబగబా వాయించేటప్పుడు చెయ్యి మాట వింటోంది. నెమ్మదిగా, సన్నగా, ఒక్క కమానును పది పన్నెండు క్షణాలు లాగాల్సి వచ్చినప్పుడే వణుకు.

"ఆ కాన్సెర్టో రెండో భాగమంతా అదేరా. మేం చేసేదేమీ లేదు. పొడుగ్గా, చిన్నగా, ఒక్కో స్వరం పట్టుకుని కూర్చోవాలి. మీద ఆ అమ్మాయి వాయించుకుంటుంది."

"అక్కకు చెప్పావా?"

"చెబితే రేపు పొద్దున్నే ఆఫీసుకెళ్లి ఆవిడే నా రాజీనామా ఇచ్చేస్తుంది. చెయ్యి బాగాలేదని తెలిస్తే డాక్టరు కాగితం అడుగుతారు. అది ఇస్తే ఇంటికి పంపేస్తారు. పంపనీ, తప్పేం కాదు. ఈ రికార్డింగు మూడు రోజులూ గడవనీ. నాలుగో రోజు నేనే చెప్పేస్తాను."

నేను సరేనన్నాను. ఆయనకు కావలసింది ఒక్కటే కనక సరేనన్నాను: ఆ డిస్కులో ఎక్కడో అడుగున తన ఫిడేలు ఉండటం.

రికార్డింగు మూడు రోజులూ నేను ప్రెస్సులో ప్రూఫుల పని త్వరగా ముగించుకుని, సాయంత్రం హాలు పక్కతలుపు దగ్గర కారు ఆపుకుని ఉండేవాణ్ని. హాల్లో జరిగింది ఆయన చెప్పగా విన్నదే.

మొదటి రోజు మధ్యాహ్నం రెండో భాగం ఎత్తుకున్నారు. మైకులు తాడిచెట్లలా నిలబెట్టారు. రికార్డింగు చూసే పెద్దాయన హాల్లో ఉండడు, వేరే గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు తొడుక్కుని కూర్చుంటాడు. ఏదైనా చెప్పాలంటే స్టేజీ మీది స్పీకరులోంచి గొంతు వినిపిస్తుంది. ఒకసారి వాయించారు. రెండోసారి మధ్యలో ఆపేశారు. స్పీకరులోంచి గొంతు: "రెండో వయొలిన్లు, వెనక స్టాండ్ల వైపు నుంచి ఏదో చప్పుడొస్తోంది. పొడుగు స్వరం దగ్గర. ఒకసారి చూసుకోండి."

ఎవరూ వెనక్కి తిరగలేదట. తిరగకపోవడం వాళ్ల మర్యాద. తిరిగితే ఫలానావాడని వేలు చూపినట్టు. మూడోసారి వాయించారు. గొంతు మళ్లీ వచ్చింది: "ఇంకా ఉంది. సరే, టీకి పోదాం. పావుగంట."

బావ టీకి పోలేదు. బయట మెట్ల మీద కూర్చుని కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నాడు. పావుగంటయ్యాక వెళ్లి కూర్చుని, నాలుగోసారి వాయిస్తున్నప్పుడు కమానును తీగకు ఆనించలేదు. వెంట్రుకవాసి ఎత్తులో గాలిలో లాగాడు, చివరిదాకా. అయిపోయింది. అందరూ స్పీకరు వైపు చూశారు.

"బాగుంది. చప్పుడు పోయింది. థాంక్స్."

కారెక్కి తలుపేసుకుని ఇది చెప్పి, "పోయిందిరా" అన్నాడు. "నేను తీసేస్తే పోయింది. ఇంకేం కావాలి సాక్ష్యం?"

"బావా, వేరే ఎవరిదన్నా అయుండొచ్చు."

"మిగతావాళ్లు తమది చూసుకున్నారో లేదో నాకు తెలీదు. నేను చెయ్యి ఎత్తాను, చప్పుడు ఆగింది. నువ్వు ప్రూఫులు దిద్దేవాడివి. ఒక అక్షరం తీసేస్తే తప్పు పోతే, తప్పు ఆ అక్షరానిదే కదా?"

నేను కారు బయల్దేరదీశాను.

ఇంటికి పోనివ్వలేదు. కమానులు బాగుచేసే ముసలాయన దుకాణానికి పోనిమ్మన్నాడు. ఇరుకు గది, గోడ నిండా గుర్రపు తోకలు జుట్టు విరబోసుకున్నట్టు వేలాడుతున్నాయి. బావ పెట్టెలో ఎప్పుడూ రెండు కమానులుండేవి. రెండోది తీసి బల్ల మీద పెట్టాడు.

"కొత్త వెంట్రుకలు వెయ్యాలి. పొద్దున ఎనిమిదికల్లా కావాలి."

"పాతవి బాగానే ఉన్నాయి కదయ్యా" అన్నాడు ముసలాయన, వెంట్రుకలను గోటితో మీటి. "ఇంకో ఏడాది వస్తాయి."

"వెయ్యి పెద్దాయనా."

"రోజిన్ కూడా రుద్దివ్వనా? కొత్తవాటికి పట్టాలంటే బాగా రుద్దాలి."

"వద్దు. అది నేను చూసుకుంటాను."

ముసలాయన కళ్లద్దాల మీదుగా ఆయన్ని చూశాడు. ఏం అర్థమయిందో, కమానుకు చీటీ కట్టి పక్కన పెట్టాడు. నాకు మాత్రం కారెక్కాకే అర్థమైంది. గాలిలో లాగితే డైరెక్టరుకు ఎప్పుడో ఒకప్పుడు కనపడుతుంది. రోజిన్ లేని కమానైతే తీగ మీదే నడుస్తుంది, పక్కవాళ్లతో సమంగా లేస్తుంది, సమంగా దిగుతుంది.

"నెమ్మది భాగానికే కదా ఇది?" అన్నాను.

"మొత్తానికి. ఇక ఆ చేతిని ఎక్కడా నమ్మను. నా మూలంగా ఆ పిల్ల డిస్కు పాడు కాకూడదు."

"మరి నువ్వు దాంట్లో ఉండవు కదా బావా."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "పేరుంటుంది" అన్నాడు.

రెండో రోజు, మూడో రోజు అలాగే వాయించాడు. పేజీలు తిప్పాడు. పెన్సిలు గుర్తులు పెట్టాడు. ఊపిరి కూడా వాళ్లతో కలిసి పీల్చాడు. డైరెక్టరు ఒక్క మాట అనలేదు. స్పీకరులోంచి ఇంకోసారి ఆ వరస గురించి గొంతు రాలేదు. మూడోరోజు సాయంత్రం అన్నీ ముగిశాక, సోలో వాయించిన అమ్మాయి వరసల మధ్యనుంచి నడుచుకుంటూ ఒక్కొక్కరికీ చెయ్యి కలిపిందట. చివరి స్టాండు దాకా రావాల్సిన పనిలేదు. వచ్చింది. "వెనక మీరందరూ ఉన్నారన్న ధైర్యంతోనే వాయించానండీ" అంది.

ఆ రోజు కారు బయల్దేరనివ్వలేదు బావ. తాళం తిప్పబోతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన చెయ్యి వణుకుతుంటే నా చెయ్యీ వణికింది.

"ఒరేయ్. రెండు రోజులు ఉప్పు లేకుండా వడ్డించాను. ఒక్కడూ అనలేదు, చప్పగా ఉందని."

నేను ఏదో అన్నాను. గట్టిగా పట్టుబడి ఉంటే ఇంకా అవమానం కదా అనో, డిస్కు బాగా వచ్చింది కదా అనో. ఆయన వినలేదు.

"మీ అక్క ముప్పై ఏళ్ల నుంచి చెబుతోంది. నేనే వినలేదు."

నాలుగో రోజు అన్న మాట ప్రకారం ఆఫీసుకెళ్లి చెయ్యి సంగతి చెప్పేశాడు. నెల తిరిగేసరికి ఇంట్లో ఉన్నాడు. అక్కకు వణుకు సంగతి తెలిసింది. కోప్పడింది, ఏడ్చింది, టీ కప్పులు తీసేసి పిడి ఉన్న పెద్ద గ్లాసు కొంది. కమాను సంగతి మాత్రం తెలియలేదు.

డిస్కు మూడు నెలలకు వచ్చింది. పుస్తకం చివరి పేజీలో, రెండో వయొలిన్ల కింద, పద్నాలుగో పేరు. అక్క ఆ పేజీ మడిచి పెట్టుకుని ఇరుగింటికీ పొరుగింటికీ చూపించింది. బావ చాలా రోజులు డిస్కు ముట్టుకోలేదు. తరవాత ఒక మధ్యాహ్నం తానే పెట్టి, ఫిడేలు తీసి, ఆ కమాను బిగించి, దాంతోపాటు వాయించడం మొదలుపెట్టాడు. ఆ మధ్యాహ్నం మొదలు రోజూ అన్నం తిన్నాక అదే పని. రోజిన్ లేదు. డిస్కు మోగుతుంది, ఈయన చెయ్యి ఆడుతుంది. అక్క వంటింట్లోంచి చూసి, పక్కింటి పసిబిడ్డ లేస్తుందని మెల్లగా వాయించుకుంటున్నారనుకునేది.

ఒక ఆదివారం నేనడిగాను, రోజిన్ రుద్దుకోవచ్చు కదా బావా, ఇంట్లో ఎవరున్నారు వినేందుకు, అని. పాత కమానైనా తీసుకోవచ్చు.

"వద్దులే. డిస్కులో ఎలా ఉన్నానో అలాగే ఉండనీ."

"ఎన్నాళ్లిలా?"

"నాకు ఒక చోటు వినాలనుందిరా. రెండో భాగంలో, పొడుగు స్వరం దగ్గర. నేను లేనిచోటు ఎలా ఉందో. రోజూ వింటాను. ఏమీ తేడా లేదు. అంత బాగా అతుక్కుపోయింది."

అప్పటికి చిక్కిపోయాడు. తిండి మీద ధ్యాస లేదు. హాలు వైపు వెళ్లే బస్సొస్తే ముఖం తిప్పుకునేవాడు. పాతవాళ్లెవరైనా ఫోను చేసి "ఏం తలుపూ, మూసేశావా?" అని సరదాగా అంటే, నవ్వి ఫోను పెట్టేసి, పక్కగదిలోకి వెళ్లి పడుకునేవాడు. గుండె ఎప్పటినుంచి బలహీనంగా ఉందో డాక్టరు కూడా చెప్పలేకపోయాడు. చెయ్యి ఒక్కటే చూపించుకున్నాడు ఆయన.

కర్మకాండలన్నీ అయ్యాక అక్కను చూడటానికి పక్క కుర్చీ ఆవిడ వచ్చింది. పంతొమ్మిదేళ్లు ఆ ఇద్దరిదీ ఒకే స్టాండు. అక్క డిస్కు పెట్టింది. ఎవరొచ్చినా పెడుతోంది. రెండో భాగంలో ఒకచోట వేలెత్తి, "ఇదిగో, అడుగున. ఇది ఆయనే" అంది. నేను తల వంచుకుని నేల చూశాను. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ "అవునమ్మా" అంది.

గుమ్మం దాకా దింపడానికి వెళ్తే ఆవిడ నాతో అంది, "ఆ రికార్డింగులో ఆయన నామీద కోపంగా ఉన్నారనుకున్నాను. అంతకు ముందు వారం పేజీ ఆలస్యంగా తిప్పారని విసుక్కున్నాను. రెండోరోజు నుంచీ అసలు వినపడలేదు నాకు. అడుగుదామనుకున్నాను. చిన్నబుచ్చుకుంటారేమోనని ఊరుకున్నాను."

"మీకు వినపడలేదని తెలిసిందా?" అన్నాను.

"పక్కన కూర్చుంటే తెలీదా బాబూ? పంతొమ్మిదేళ్లు. ఎడమచెవి వైపు గోడ తీసేసినట్టయింది."

మొదటి ముద్దకే తెలిసిన మనిషి ఒకరున్నారు. ఆ మాట చెప్పడానికి బావ లేడు.

ఇది రాయడానికి కూర్చున్నది దాని గురించే అనుకున్నాను. కాదు. పోయిన వారం ఆర్కెస్ట్రాలో కుర్చీలు, స్టాండ్లు వేసే మనిషి ఇంటికొచ్చాడు. బావ కుర్చీ మీది మెత్త అక్కడే ఉండిపోయిందట, తెచ్చిచ్చాడు. అక్క పడుకుని ఉంది. ఇద్దరం వరండాలో నిలబడ్డాం. మాటల్లో రికార్డింగు వచ్చింది. ఆయన, ఆ మూడు రోజులూ అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది నేనేనండీ, అన్నాడు నవ్వుతూ. కుర్చీ కిర్రుమంటే నేనే, లైటు గుయ్యిమంటే నేనే.

"మొదటిరోజయితే మీ బావగారి ముందు స్టాండు. ఆరోది. దాని మెడ దగ్గర మర వదులై, పొడుగు స్వరం వచ్చినప్పుడల్లా రేకు జివ్వుమనేది. ముందు నాకూ తెలీలేదు. పెద్దాయన స్పీకరులో రెండుసార్లు అన్నాక, అందరూ టీకి పోయినప్పుడు ఒక్కొక్కటీ తట్టి చూశాను."

"తరవాత?"

"తరవాతేముంది. స్క్రూడ్రైవరు కూడా వెతుక్కోలేదు. జేబులో నాణెం ఉంటే దాంతోనే బిగించాను. సగం చుట్టు తిరిగిందేమో, అంతే."

"ఎవరికైనా చెప్పావా?"

"మర బిగించానని ఎవరికి చెబుతామండీ" అన్నాడు.